ఒళ్ళో పట్టేంత ఇంజన్

రిమోట్ పట్టుకొని నడిపే చిన్న కారు కొనాలనుకుంటున్నానని చెబితే మార్కాపురంలో నవ్వనివాడు లేడు. నవ్వినవాళ్ళందరికీ కలిపి ఒకటే మాట చెబుతున్నాను. అది బొమ్మ కాదు. బ్యాటరీ పెట్టి తిప్పే రకం ఒకటుంది, దాన్ని ఎవరైనా బొమ్మ అనుకుంటే నాకు అభ్యంతరం లేదు. నేను కొనాలనుకున్నది నైట్రో బగ్గీ. నైట్రో అంటే అది తాగే ఇంధనంలో కలిసే రసాయనం. బండి మూరెడు పొడుగుంటుంది. లావుపాటి చక్రాలు, పైన ప్లాస్టిక్ టాపు. టాపు తీస్తే లోపల అసలు సిసలు ఇంజన్. పిస్టను, సిలిండరు, కార్బొరేటరు, క్లచ్చి, సైలెన్సరు, అన్నీ ఒక నిమ్మకాయ పట్టేంత చోట్లో సర్దినారు. అది పొగ వదులుతుంది, వేడెక్కుతుంది, మనసు బాగలేని రోజు మొరాయిస్తుంది. మొరాయించేదాన్ని బొమ్మ అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఎందుకింత పట్టింపు అంటే, మా ఇంట్లో ఇంజన్ లేదు. రెండేళ్ళ నుంచి లేదు.

ఈ తాలూకాలన్నీ ఇంకా కర్నూలు జిల్లాలో ఉన్న కాలంలో నేను పలకల కార్ఖానాలో విరిగిన ముక్కలు ఏరే పనికి కుదిరినాను. బడి మొహం ఎరగను. ఏరిన ముక్కల మీదనే ఒక మేస్త్రి చేత అఆలు రాయించుకున్నాను. కార్ఖానాలో రాళ్ళు కోసే మిషన్లకు ఒక పెద్ద ఆయిల్ ఇంజన్ ఉండేది. నా కళ్ళు పలకల మీద, చెవులు దాని మీద. కొన్నేళ్ళకు ఆ ఇంజన్ దగ్గరికే చేరినాను. ఇంజన్‌తో పాటు వచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉంటే, ఒక పాత నిఘంటువు సంపాదించి, మాటకు మాట వెతుక్కుంటూ చదివినాను. ఒక పేజీకి ఒక వారం పట్టేది. తర్వాత త్రిపురాంతకం రోడ్డులో సొంతంగా రేకుల షెడ్డు వేసుకొని, చుట్టుపక్కల బావుల మీద ఉండే ఇంజన్లన్నీ బాగు చేసినాను. చదువుకున్న ఇంజనీర్లు వచ్చి చేతులెత్తేసిన వాటిని కూడా. ఈ మాట గొప్పకు చెప్పడం లేదు, కోపంతో చెబుతున్నాను. ఎందుకో ముందుకు పోతే తెలుస్తుంది.

కాలం మారింది. బావులు ఎండినాయి, బోర్లు పడినాయి, నీళ్ళలో మునిగి ఉండే కరెంటు మోటార్లు వచ్చినాయి. అవి చెడితే పైకి లాగి వైండింగ్ చేసేవాడికి ఇస్తారు, నా దగ్గరికి రారు. షెడ్డులో చివరిగా మిగిలిన ఇంజన్ రెండేళ్ళ కిందట పాత ఇనుము కిందికి పోయింది. ఆ రోజు నుంచి నాకు పొద్దు పోవడం లేదు. పేపరు చదివి పేపరును తిడతాను. కరెంటు బిల్లు చూసి కరెంటోళ్ళను తిడతాను. ఒక రోజు నా భార్య, కుక్కర్ విజిల్ సరిగా రావడం లేదని నేను దాన్ని విప్పబోతుంటే, నా చేతిలోది లాక్కొని, ఇంకొక్క వస్తువు విప్పితే నన్ను వేరే ఇంట్లో పెడతానని చెప్పింది. తప్పు ఆమెది కాదు. చేతులు ఊరికే ఉండలేకపోతున్నాయి. అట్లని పెద్ద ఇంజన్ ఎత్తే బలం ఇప్పుడు లేదు, నడుము ఒప్పుకోదు. ఒళ్ళో పెట్టుకొని విప్పుకునేంత ఇంజన్ ఒకటి కావాలి. ఫోన్లో వెతుకుతా పోతే ఈ నైట్రో బగ్గీ కనపడింది.

ఇక కొనేముందు చదవాలి కదా. చదివినాను. చాలా చోట్ల ఒకటే ముక్క రాసి పెట్టినారు: కొత్తవాళ్ళకు ఇది పనికిరాదు, కొత్తవాళ్ళు బ్యాటరీ బండి కొనుక్కోవాలి అని. ఆ ముక్క చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. ఎవరయ్యా కొత్తవాడు? రాసినవాడు పుట్టకముందు నేను కిరసనాయిలు ఇంజన్లకు రింగులు మార్చినాను. ఇంకొక చోట పద్నాలుగేళ్ళు దాటినవాళ్ళే వాడాలని హెచ్చరించినారు. అది బాగుంది. ఆ అర్హత నాకు కావాల్సినదానికంటే ఎక్కువే ఉంది.

కోపం పక్కన పెట్టి చూస్తే, వాళ్ళు చెప్పిన దాంట్లో నిజం కూడా ఉంది. ఈ బండి పెట్రోలు తాగదు. మిథనాల్, నైట్రోమీథేన్, నూనె కలిపిన ప్రత్యేకమైన ఇంధనం కావాలి. అది ఇక్కడ ఏ దుకాణంలోనూ దొరకదు, హైదరాబాదు నుంచి తెప్పించుకోవాలి. మూత సరిగా బిగించకపోతే తేమ పీల్చి చెడిపోతుంది. స్పార్క్ ప్లగ్గు బదులు గ్లో ప్లగ్గు అని ఒకటుంటుంది, కొలిమిలో తీగలాగా ఎర్రగా కాలి ఇంధనాన్ని అంటిస్తుంది, అది మాడిపోతే ఇంకొకటి తెప్పించుకోవాలి. చవక రకాల్లో ఇంజన్ ఫరవాలేదంట గానీ, దాని చుట్టూ ఉండే పళ్ళ చక్రాలు, బండి చక్రాలను పట్టి ఉంచే చేతులు పలచని ప్లాస్టిక్‌తో చేస్తారంట. కొత్తది కొంటే మొదట్లో ఇంజన్‌ను ఓపికగా కుదురుకోనివ్వాలి. ఇనుప సామాన్ల దుకాణం ఆయన నాకు నలభై ఏళ్ళ స్నేహితుడు. ఆయనతో ఇవన్నీ చెబితే, ఇంత తంటా ఎందుకు, బ్యాటరీది తెచ్చుకుంటే బటన్ నొక్కితే పోతుంది కదా అన్నాడు. బటన్ నొక్కితే పోయేవి మా ఇంట్లో చాలా ఉన్నాయని చెప్పి లేచి వచ్చినాను.

పాతది దొరికితే మేలని తేల్చుకున్నాను. పాతదైతే చూసి, విని, పట్టుకొని కొనొచ్చు. అట్ల వెతుకుతుంటే గిద్దలూరులో ఒకాయన అమ్మకానికి పెట్టినది కనపడింది. రైల్వేలో సిగ్నళ్ళ పని చేస్తాడు, వయసు నలభై లోపు. ఫోన్ చేస్తే మర్యాదగా మామా అని పిలిచి, రెండు డబ్బాల ఇంధనం కూడా ఇస్తానన్నాడు. ఎందుకు అమ్ముతున్నావని అడిగితే కొంచెం తటపటాయించి, టైము దొరకడం లేదన్నాడు. ఆ తటపటాయింపు నేను గుర్తు పెట్టుకున్నాను. నేను ఒకటే కోరినాను: నేను వచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చెయ్యొద్దు.

ఇది మా నాయన దగ్గర నేర్చుకున్న పద్ధతి. నాయన కూలికి పోయేవాడు, సొంతంగా ఎద్దు లేదు. అయినా ఊళ్ళో రైతులు ఎద్దును కొనేటప్పుడు ఆయన్ను వెంటబెట్టుకొని పోయేవాళ్ళు. ఆయన సంతలో చూసి ఏ మాటా చెప్పేవాడు కాదు. తెల్లవారకముందే అమ్మేవాడి కొట్టం కాడికి పోయి, పడుకున్న ఎద్దు ఎట్ల లేస్తుందో చూసేవాడు. ముందరే నాలుగడుగులు నడిపించి ఒళ్ళు సడలించి చూపిస్తే కుంటితనం కనపడదు. చల్లగా ఉన్నప్పుడు లేచే తీరులో అంతా తెలిసిపోతుంది. ఇంజనైనా అంతే. వేడి మీద ఉన్న ఇంజన్ ఎవడు లాగినా స్టార్ట్ అవుతుంది.

ఆదివారం ఆరాధన అయినాక బస్సెక్కినాం. నా భార్య కూడా వచ్చింది. రావద్దన్నాను. నువ్వు ఒక్కడివే పోతే రెండు కొనుక్కొని వస్తావని టిఫిన్ క్యారియర్ పట్టుకొని బయలుదేరింది. కంభం దాటేదాకా ఆమె కిటికీలో నుంచి పొలాలు చూసింది. దాటినాక, అది ఇంట్లో ఎక్కడ పెడతావని అడిగింది. వరండాలో అన్నాను. పొగ అన్నది. బయటికి పోతుంది అన్నాను.

రైల్వే ఆయన మమ్మల్ని ఊరి చివర ఒక ఖాళీ నేలకు తీసుకుపోయినాడు. ఎవరో ఇళ్ళ ప్లాట్లు వేసి, తెల్ల రంగు రాళ్ళు పాతి, అమ్ముడుపోక వదిలేసిన నేల అది. దూరంగా నల్లమల నీలంగా కనపడుతోంది. నడపడానికి అంతకంటే మంచి చోటు ఉండదు. నా భార్య ఒక ప్లాటు రాయి మీద కూర్చొని, ఇది ఎవరిదో గానీ నాకు బాగుంది అన్నది.

టాపు తీసి సిలిండరు మీద అరచెయ్యి పెట్టినాను. చల్లగా ఉంది. మాట మీద నిలబడే మనిషే. చక్రాలు ఊపి చూసినాను, ముందు చక్రం ఒకటి కొంచెం వదులు. పళ్ళ చక్రాల్లో ఒకటి ప్లాస్టిక్‌ది, ఒకటి ఇనుపది, రెండూ అరగలేదు. స్టార్ట్ చేసే తాడు మెల్లగా లాగితే, పిస్టను పైకొచ్చే చోట గట్టిగా పట్టింది. అంటే ఇంజన్‌లో బిగువు పోలేదు. లోపల నేను సంతోషపడినాను గానీ మొహాన కనపడనివ్వలేదు.

ఆ సంతోషంలోనే ఒక తప్పు చేయబోయినాను. పాత కిరసనాయిలు ఇంజన్లకు చక్రం మీద తాడు చుట్టి, కాలు తన్నిపెట్టి, ఒళ్ళంతా వెనక్కి వేసి లాగాలి. చేతులు ఆ లెక్కే ఎరుగును. ఈ బండిని నేల మీద పెట్టి, పిడికిలి బిగించి, కాలు వెనక్కి వేసినాను. రైల్వే ఆయన పరిగెత్తి నా మణికట్టు పట్టుకున్నాడు. జానెడు లాగితే చాలంట. అంతకు మించి లాగితే తాడు తెగి చేతికి వస్తుందంట. నా భార్య ప్లాటు రాయి మీద నుంచి, పద్నాలుగేళ్ళు దాటినవాళ్ళకే అని రాసింది ఇందుకేనేమో అన్నది.

జానెడు లాగితే నాలుగో లాగుకు ఇంజన్ లేచింది. ఆ చప్పుడు వినగానే వంగి చెవి దాని పక్కన పెట్టినాను. రెండేళ్ళయింది కదా. రైల్వే ఆయన రిమోట్ పట్టుకొని బండిని వదిలినాడు. అది ప్లాటు రాళ్ళ మధ్య నుంచి కందిరీగలాగా పోయింది, మలుపులో మట్టి చిమ్మింది, తిరిగి మా వైపు వచ్చింది. నా భార్య కాళ్ళు పైకెత్తుకున్నది. ఆయన రిమోట్ నా చేతికి ఇచ్చినాడు. మొదటి మలుపులో గుద్దేసినాను, ఆయన పోయి నిలబెట్టి వచ్చినాడు. రెండో మలుపులో గుద్దలేదు.

కానీ చెవులకు తేడా తెలుస్తోంది. చప్పుడు మరీ సన్నంగా, కీచుగా ఉంది. వెనకాల పొగ లేదు. నూనె కలిసిన ఇంధనం తాగే ఇంజన్ వెనక సన్నటి పొగ కనపడాలి. బ్రేకు వేసినా ఇంజన్ వెంటనే నెమ్మదించడం లేదు, కాసేపు అరిచి అప్పుడు దిగుతోంది. రెండు చుట్లు తిరిగినాక నడి నేలలో ఆగిపోయింది.

రైల్వే ఆయన తల దించుకొని పోయి తెచ్చినాడు. నేను సిలిండరు దగ్గర చెయ్యి పెట్టబోతే నా భార్య వద్దని చెప్పి, మంచినీళ్ళ సీసాలో వేలు ముంచి ఒక చుక్క దాని మీద వేసింది. చుక్క పడీ పడకముందే చిట్లి మాయమైంది. ఆమె ఇంజన్ ఎరగదు గానీ యాభై ఏళ్ళ నుంచి పెనం ఎరుగును. పెనం ఇంత కాలితే దోశ మాడిపోతుంది, మంట తగ్గించాలి అన్నది.

అక్కడ నాకు మొత్తం అర్థమైపోయింది. ఇది నేను వంద బావుల కాడ చూసిన జబ్బు. కిరసనాయిలు ఆదా చేద్దామని రైతు ఇంధనం స్క్రూ బిగిస్తాడు. ఇంజన్‌కు తిండి చాలక వేడెక్కి ఆగిపోతుంది. పాతబడిపోయిందని రైతు తెగనమ్ముతాడు. దళారీ కొని, ఇంటికి తీసుకుపోయి, స్క్రూ అరచుట్టు వదులు చేసి, మళ్ళీ సంతలో నిండు ధరకు అమ్ముతాడు. ఆ దళారీలను నేను షెడ్డులోకి రానిచ్చేవాణ్ణి కాదు. ఇప్పుడు నేను చెయ్యాల్సిందల్లా నోరు మూసుకొని, బండిని సంకలో పెట్టుకొని బస్సెక్కడం. ఈ బండిలో ఆ స్క్రూను సూది అంటారు, ఇంటికి పోయి దాన్ని అరచుట్టు వదులు చేసుకుంటే అయిపోతుంది. నిజం చెబుతున్నాను, ఆ ఆలోచన నాకు వచ్చింది. వచ్చి, కాసేపు కూర్చున్నది కూడా.

రైల్వే ఆయన పాపం ఆ సమయంలోనే మాట విప్పినాడు. టైము లేక కాదంట అమ్మేది. మొదటి నుంచీ ఇట్లనే మధ్యలో ఆగిపోతోందంట. తన భార్య ముందర, పక్కింటి వాళ్ళ ముందర ఎన్నోసార్లు నామోషీ అయిందంట. తనే ధర సగానికి తగ్గించి చెప్పి, ఇట్ల అన్నాడు.

"నిన్ను మోసం చెయ్యలేను మామా. చవక సరుకు. ఇంజనే మంచిది కాదు."

ఆ మాట అనకుండా ఉండి ఉంటే ఏం చేసేవాణ్ణో నాకు తెలియదు. నన్ను ఎవరైనా ఏమైనా అనొచ్చు. తిండి పెట్టకుండా ఇంజన్‌ను చెడ్డదనడం మాత్రం నేను వినలేను.

"ఇంజన్‌ను ఏమన్నా అంటే ఊరుకోను అల్లుడూ. సూది ఎవరు బిగించినారు?"

తనే బిగించినాడంట. సూది కొంచెం బిగిస్తే వేగం పెరుగుతుందని ఎవరో వీడియోలో చెప్పినారంట. నిజమే, పెరుగుతుంది. అందుకని వారానికి కొంచెం, వారానికి కొంచెం బిగించుకుంటూ వచ్చినాడు. వేగం పెరిగిన ప్రతిసారీ ఇంజన్ ఒక ముద్ద తక్కువ తిన్నదని ఆయనకు ఎవరూ చెప్పలేదు. నేను చెప్పినాను. కొంచెం గట్టిగానే చెప్పినాను. కిరసనాయిలు రోజుల నుంచి మొదలుపెట్టి చెప్పినాను. నా భార్య టిఫిన్ క్యారియర్ విప్పి ఆయనకొక పూరీ ఇచ్చి, ఇది తింటూ విను, ఇంకా చాలా ఉంది అన్నది.

తర్వాత జేబులో నుంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి కూర్చున్నాను. కార్బొరేటరు మీది సూదిని కొంచెం వదులు చేసి, స్టార్ట్ చేసి, విని, మళ్ళీ కొంచెం వదులు చేసి. గంట పట్టిందో ఎంత పట్టిందో తెలియదు. కీచు గొంతు కాస్తా మెల్లగా నిండు గొంతు అయింది. వెనక సన్నటి నీలి పొగ లేచింది. నా భార్య పిలవకుండానే లేచి వచ్చి ఇంకొక చుక్క వేసింది. ఈసారి అది చుయ్ మని కాసేపు నిలబడి ఇగిరింది. ఇప్పుడు దోశ పోసుకోవచ్చు అన్నది.

రిమోట్ రైల్వే ఆయనకు ఇచ్చినాను. బండి పోయింది. ఆ పోవడం నేను వర్ణించలేను. మలుపుల్లో తడబడలేదు, ఎత్తుపల్లాల మీద గాల్లోకి లేచి దిగింది, ఆపితే బుద్ధిగా గురగురమంటూ నిలబడింది, పొమ్మంటే మళ్ళీ పోయింది. ఆగలేదు. ఒక ట్యాంకు అయిపోయేదాకా ఆగలేదు. ఆయన ఇంకొక ట్యాంకు పోసినాడు. నాకు ఇవ్వాలని ఆయనకు తోచలేదు. నోరు కొంచెం తెరుచుకొని, బండి ఎటు పోతే మొహం అటు తిప్పుతున్నాడు.

అంతా అయినాక దాన్ని ఎత్తుకొని, జేబురుమాలు తీసి, టైర్ల సందుల్లో మట్టి తుడవడం మొదలుపెట్టినాడు. అమ్మేవాడు సరుకును చూపించేముందు తుడుస్తాడు. చూపించడం అయినాక ఇంత ఒద్దికగా తుడిచే మనిషి అమ్మడు. నేను ఎందరిని చూసినానో. ఆయన మాట కోసం నేను ఎదురుచూడలేదు, అయినా ఆయన చెప్పినాడు, నా మొహం చూడకుండా.

"మామా, ఏమీ అనుకోవద్దు. ఇది ఇట్ల పోతుందని నాకు తెలియదు."

ఏమనుకుంటాను? చాలానే అనుకున్నాను. బస్టాండు దాకా అనుకుంటూనే వచ్చినాను. ఆయన మాకు టీ తాగించి, బస్సు ఎక్కించి, కిటికీ దగ్గర చేతులు కట్టుకొని నిలబడినాడు. బస్సు కదిలినాక నాకు నవ్వు వచ్చింది. డెబ్భై దాటిన మెకానిక్, కొనేముందే బాగు చేసి ఇచ్చి వచ్చినాడు. ఇంకెవడైనా చేస్తాడా ఈ పని?

నా భార్య మాత్రం నవ్వలేదు. రెండు మాటలు మింగి ఉంటే ఈ పాటికి మన ఒళ్ళో ఉండేది కదా అని నన్ను కంభం దాకా తిట్టింది. నీకు అది ఇష్టం లేదు కదా అన్నాను.

"ఇష్టం లేదు. అయినా ఆ చుక్క వేసింది నేను."

అదీ నిజమే. మార్కాపురం చేరేసరికి కొత్తది తెప్పించుకుంటే ఎట్లుంటుందని ఆమే అడిగింది. నేను ప్లాస్టిక్ పళ్ళ చక్రాల సంగతి, ఇంధనం సంగతి మళ్ళీ మొదటి నుంచి చెప్పినాను. ఇనుప సామాన్ల దుకాణం ఆయన మరునాడు విని, కడుపు పట్టుకొని నవ్వి, నువ్వు ఎద్దుకు వైద్యం చేసి ఎద్దును వదిలేసి వచ్చినావు అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ కనపడక నాకు ఇంకా కోపం వచ్చింది.

గురువారం గిద్దలూరు నుంచి ఫోన్ వచ్చింది. బండి ఆగిపోవడం లేదంట గానీ, పొద్దున చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అయినాక దగ్గుతోందంట. సూది ఎటు తిప్పాలని అడిగినాడు. ఫోన్‌ను ఇంజన్ దగ్గర పెట్టి వినిపిస్తానన్నాడు. వద్దన్నాను. ఫోన్లో వినిపించే ఇంజన్ ఇంజన్ కాదు. నేను వచ్చేదాకా ఆ సూదిని ముట్టుకోవద్దని గట్టిగా చెప్పినాను. ముట్టుకోను మామా, నాకు భయం అన్నాడు. ఆదివారం వస్తామని నేను ఫోన్ పెట్టేలోపే, పూరీ కాదు, ఈసారి చిత్రాన్నం చేస్తానని వంటింట్లో నుంచి వినపడింది.

అప్పటి నుంచి ఎన్ని ఆదివారాలు పోయినామో లెక్క పెట్టలేదు. వదులుగా ఉన్న ముందు చక్రం బిగించినాను. క్లచ్చి విప్పి శుభ్రం చేసినాను, ఒళ్ళో పెట్టుకొనే. మలుపులు ఇప్పుడు నాకు బాగానే వస్తున్నాయి. బండి ఇంకా కొనలేదు. అడిగినవాళ్ళకు పరీక్ష జరుగుతోందని చెబుతున్నాను.